పుయెబ్లో అంటే ఒకే జనమా, పలు జాతులా?

ప్రశ్న: దక్షిణ అమెరికాలోని బొలీవియాకు అధ్యక్షుడిగా పనిచేసిన ఎవో మొరాలెస్ స్వయంగా ఐమారా ఆదివాసి. పేదల పక్షాన నిలుస్తామని చెప్పి గెలిచిన పార్టీ ఆయనది. అయినా ఆదివాసులే ఆయన మీద తిరగబడి పాదయాత్ర చేశారని చదివాను. తమవాడే గద్దెనెక్కినా ఇలా ఎందుకు జరిగింది?
— ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: స్పానిష్‌లో ‘పుయెబ్లో’ అన్న మాటకు జనమనీ అర్థముంది, ఒక ప్రత్యేక జాతి అనీ అర్థముంది. జనాకర్షక పార్టీ ఈ మాటను మొదటి అర్థంలోనే వాడుతుంది: జనమంతా ఒకటి, ఆ జనం గొంతు తానే. ఆదివాసులు వాడేది రెండో అర్థంలో. వారి దృష్టిలో జాతులు అనేకం, ఒక్కొక్క జాతికీ తనదైన నేల ఉంటుంది. మీరడిగిన చిక్కంతా ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

మొరాలెస్ చేసిన మేలును తక్కువ చేయకూడదు. 2005 డిసెంబరు ఎన్నికల్లో గెలిచాక ఆయన ప్రభుత్వం బడిపిల్లలకు నగదు సాయం, వృద్ధులకు పింఛను ఇచ్చింది. 2009 రాజ్యాంగం 36 ఆదివాసీ భాషలను అధికార భాషలుగా గుర్తించి, ఆదివాసులను బాధించే నిర్ణయాలకు ముందు వారిని సంప్రదించి తీరాలని రాసుకుంది. తరతరాలుగా చిన్నచూపుకు గురైనవారికి ఇది గౌరవం దక్కిన కాలం.

అయితే టిప్నిస్ అనే అడవి ఉంది. 1990లో ఆదివాసులు 34 రోజులు నడిచి ప్రభుత్వ కేంద్రమైన లాపాజ్ చేరాక, మొహెన్యో, యురకారే, చిమానే జాతుల సొంత భూభాగంగా ప్రభుత్వం గుర్తించిన 10 లక్షల హెక్టార్లకు పైబడిన నేల అది. దాని నడిమధ్య నుంచి రహదారి వేయడానికి 2008లోనే నిర్మాణ ఒప్పందం కుదిరింది. అడవికి ఇటూ అటూ పనులు 2011 జూన్‌లో మొదలయ్యాయి. ఆ జాతులను మాత్రం ముందుగా ఎవరూ అడగలేదు. రహదారిని గట్టిగా కోరినవారిలో అడవి దక్షిణపు అంచున స్థిరపడిన కోకా ఆకు రైతులున్నారు. వారూ ఎక్కువగా ఐమారా, కెచువా అనే ఆదివాసీ మూలాలవారే. మొరాలెస్ ఎదిగివచ్చింది కూడా వారి సంఘం నుంచే. ఓట్ల లెక్కలో వారు అధికం, అడవి జాతులు స్వల్పం.

2011 ఆగస్టు 15న ఆ రహదారిని వ్యతిరేకిస్తూ బొలీవియాలోని ట్రినిడాడ్ నగరం నుంచి ఆదివాసుల పాదయాత్ర బయలుదేరింది. సెప్టెంబరు 25న చపరీనా వద్ద పోలీసులు విరుచుకుపడి, నడుస్తున్నవారిని కొట్టి, కొందరి నోళ్లకు టేపు అంటించి బస్సుల్లో కుక్కారు. పట్టుబడినవారిని విమానాల్లో తరలించబోతే రురెనబాకె ఊరివాళ్లు రన్‌వే మీద మంటలు వేసి అడ్డుకుని వారిని విడిపించారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. దాడికి నిరసనగా రక్షణ మంత్రి రాజీనామా చేశారు. అక్టోబరులో యాత్ర లాపాజ్ చేరాక రహదారిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, కాని ఆ రక్షణను 2017లో మరో చట్టం తొలగించింది.

ప్రశ్న: మన ఏజెన్సీ ప్రాంతాలకూ ఇది వర్తిస్తుందా?
— అదే పాఠకురాలు

జవాబు: పోలిక కొంతవరకే సరిపోతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఆదివాసీ నాయకత్వంలో ప్రభుత్వమే ఏర్పడలేదు. కాని పోలవరం విషయం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద పార్టీలన్నీ ఆ ప్రాజెక్టును రాష్ట్ర ప్రజలందరి కలగా చెబుతాయి. 2014లో ముంపు మండలాలను తెలంగాణ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ‘ప్రజలందరి’ అన్న ఆ మాటలో ఊళ్లు వదలాల్సిన కోయలు, కొండరెడ్ల వంతు ఎంత? షెడ్యూల్డు ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది గాని, వాటి సమ్మతి తప్పనిసరి అనదు. రేషన్ బియ్యం, పింఛను, పోడు పట్టా ఇస్తామనే పార్టీని తప్పకుండా నిలదీసి తీసుకోండి. అవి మీ హక్కు. వాటితోపాటు మరొకటి కూడా అడగండి: మా గ్రామసభ వద్దంటే మీరు ఆగుతారా?