కృతజ్ఞత నేర్పబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నీ తరగతి పిల్లలకు కృతజ్ఞత అలవాటు చేయాలని సంకల్పించావనీ, రోజూ ప్రార్థన అయ్యాక ఎవరి మేలు పొందారో ఒక్కొక్కరి చేత పైకి చెప్పించబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్లకు ఇంత మంచి ఆలోచన వచ్చిందని పొంగిపోయాను. అయితే పదిమందిలో పైకి చెప్పించడమన్న మాట దగ్గర కలవరపడ్డాను.

ముందు నువ్వు చేసి చూపించు; అది నీకు తెలిసిందే.

నేను పనిచేసిన ఒక బడికి ఒక దాత నోటు పుస్తకాలు పంచడానికి వచ్చారు. పెద్దలు పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టి, పుస్తకం అందుకున్న ప్రతి ఒక్కరి చేతా ఆయన కాళ్లకు దండం పెట్టించి ఫోటో తీయించారు. ఫోటో సరిగా రాలేదని తండ్రి లేని ఒక ఆరో తరగతి పిల్ల చేత మళ్లీ పెట్టించారు. ఆ పుస్తకం అట్ట మీద ఆ పిల్ల పేరైనా రాసుకోలేదు. పాత పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దారంతో కుట్టుకుని, ఏడాదంతా వాటిలోనే లెక్కలు చేసుకుంది. లేమిలో పెరిగే బిడ్డకు ‘నీకు ఎవరు ఏమిచ్చారో చెప్పు’ అంటే ‘నీకు ఏమి లేదో చెప్పు’ అన్నట్టే వినిపిస్తుందమ్మా. కృతజ్ఞత పేరిట పిల్లలకు వంగడం అలవాటవుతుందేమోనన్నదే నా భయం.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అయినా మీ తాతయ్య చేలో నీరు పెట్టినప్పుడల్లా కాటన్ దొరను తలుచుకునేవారు. కాలువ నీరు కళ్లెదుట పారుతుంటే ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పిల్లలకూ ముందు ఆ కనపడడం కావాలి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పేరు వాళ్లకు తెలుసో లేదో కనుక్కో. రోజుకు ఇద్దరిని పళ్లేలు సర్దడానికి పంపి, ఆవిడ అంత పెద్ద గిన్నె వంచి గంజి వార్చేటప్పుడు ఆవిరి మొహాన కొట్టడం కాస్త ఎడంగా నిలబడి చూడనీ. చిన్నప్పుడు కనుమనాడు నువ్వు మా గిత్త కొమ్ములకు రంగు పూసి, దాని మెడ పట్టుకుని ఇంటికి రానని ఏడ్చావు. నీకు అది ఎవరు నేర్పారు తల్లీ?

రాయించదలిస్తే రాయించు, కానీ చదివించకు. ఎవరైనా కాగితం ఖాళీగా ఇస్తే కారణం అడగకు. ఆ బిడ్డ ఇంట్లో ఏమి జరుగుతున్నదో మనకు తెలియదు. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నీ వివరంగా చెబుదువుగాని. పని ధ్యాసలో పడి వేళకు అన్నం తినడం మానకు.

నీ పెద్దమ్మ