పెద్ద కోన్ దారానికి ఎలాంటి స్టాండు కొనాలి?

ప్రశ్న: ఇంట్లోనే నల్ల మిషన్‌కు మోటారు బిగించుకుని లంగాలు, నైటీలు కుడుతున్నాను. చిన్న రీళ్లు ఊరికే అయిపోతున్నాయని ఈమధ్య 5,000 మీటర్ల కోన్ దారాలు తెచ్చుకున్నాను. అవి మిషన్ మీది కడ్డీకి పట్టడం లేదు. మిషన్ వెనక బల్లమీద నిలబెట్టి కుడితే దారం మాటిమాటికీ తెగుతోంది, గుడ్డ అడుగున ఉచ్చులు పడుతున్నాయి. మెకానిక్ వచ్చి టెన్షన్ (పై దారం బిగువును మార్చే మర) బిగించి వెళ్లాక తెగడం ఇంకా ఎక్కువైంది. దుకాణంలో తేలికపాటి ప్లాస్టిక్ స్టాండు ఒకటి, బరువైన ఇనుప స్టాండు ఒకటి చూపించారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇనుప స్టాండే తీసుకోండి. అయితే బరువుగా ఉంటే చాలదు, దాని పైకొనన దారం దూరే కన్ను ఎక్కడ ఉందో చూసి మరీ తీసుకోవాలి. మీ ఇబ్బందికి మూలం కూడా ఆ కన్ను లేకపోవడమే.

చిన్న రీలు కడ్డీమీద తిరుగుతూ దారాన్ని పక్కనుంచి వదులుతుంది. కోన్ అలా తిరగదు. అది కదలకుండా నిలబడి ఉంటే దారం దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ పైకొన మీదుగా ఊడివస్తుంది. దారాన్ని నిటారుగా పైకి లాగినప్పుడే ఆ చుట్టు అన్ని వైపులా ఒకేలా విడుతుంది. మీరు బల్లమీద పెట్టి నేరుగా మిషన్‌కు అందించినప్పుడు దారం పక్కకు లాగబడుతోంది కాబట్టి, మిషన్ వైపున్న చుట్టు సులువుగా జారివస్తుంది, అవతలి వైపున్నది కోన్ అంచును రాసుకుంటూ పట్టిపట్టి వస్తుంది. అంటే ప్రతి చుట్టులోనూ దారం ఒకసారి వదులు, ఒకసారి బిగువు. వదులైన చోట పై దారం అడుగుకు దిగి ఉచ్చులు పడతాయి, బిగువైన చోట తెగుతుంది. అసలే పట్టి వస్తున్న దారానికి టెన్షన్ కూడా బిగిస్తే తెగడం పెరగక మానదు. అందువల్ల ముందుగా మీ పాత చిన్న రీలునే ఎక్కించి, పనికిరాని గుడ్డముక్క మీద కుట్టి చూసుకుంటూ, పైనా కిందా కుట్టు సమంగా వచ్చేదాకా టెన్షన్‌ను వదులు చేయండి. అడుగు దారం ఉండే బాబిన్ కేసు మరను మాత్రం ముట్టుకోకండి. దాని తప్పేమీ లేదు.

డబ్బు పెట్టేముందు నేను చెప్పినది నిజమో కాదో మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మిషన్ కిటికీ పక్కన ఉంటే, ఊచకు ఒక పిన్నీసును కదలకుండా గట్టిగా కట్టి, సరిగ్గా దాని కిందకు వచ్చేలా కోన్‌ను నిలబెట్టి, దారాన్ని పిన్నీసు కన్నులోంచి మిషన్‌కు అందించి కుట్టండి. దారం తెగడం ఆగిపోతే మీకు కావలసినది స్టాండు మాత్రమే, మిషన్‌కు మరమ్మతు అక్కరలేదు.

ఇక కొనేటప్పుడు కోన్‌ను వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే స్టాండు చూడటానికి ఎంత బాగున్నా మీ కోన్ దానిమీద ఎలా కూర్చుంటుందన్నదే ముఖ్యం. కోన్‌ను కడ్డీకి తొడిగి పైనుంచి చూస్తే కన్ను దాని నడిమధ్యకు రావాలి, ఏ పక్కకూ వాలకూడదు. ఎత్తు కోన్ ఎత్తుకు రెండున్నర రెట్లు ఉండాలి: కోన్ 6 అంగుళాలైతే కోన్ అడుగునుంచి కన్ను దాకా సుమారు 15 అంగుళాలు. మీకు చూపించిన ప్లాస్టిక్ స్టాండు పొట్టిదైతే నేను వద్దనడానికి అదే మొదటి కారణం. మోటారు వేగానికి తేలికపాటి దిమ్మ అదురుతూ పక్కకు జరిగిపోవడం రెండోది. కన్ను లోపలి అంచుమీద వేలితో రాసి చూడండి, గరుకు తగిలితే ఆ స్టాండు వద్దనండి. కోన్ కడ్డీమీద వదులుగా ఊగుతుంటే లోపల పెట్టే శంఖం ఆకారపు ప్లాస్టిక్ బిళ్లను అడిగి తీసుకోండి.

ఇంటికి తెచ్చాక స్టాండును మిషన్‌కు కుడిచేతి వైపు, కాస్త వెనకగా పెట్టండి. బల్ల అదురుతుంటే స్టాండును పక్కన వేరే స్టూలుమీదకు మార్చడం మేలు. స్టాండు కన్ను నుంచి వచ్చే దారాన్ని మిషన్ మీది మొదటి కొక్కేనికి తగిలించి, అక్కడినుంచి మామూలు దారిలోనే సూదికి తీసుకురండి. మధ్యలో రీలు కడ్డీకి చుట్టు వేయకండి. బల్లపక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకునే అలవాటు ఉంటే దాని గాలి దారానికి తగలకుండా చూసుకోవాలి. స్టాండుకూ మిషన్‌కూ మధ్య దారం గాలికి ఊగి చేతి చక్రానికి చుట్టుకుంటే, స్టాండు మంచిది కాదనుకుని మీరు మళ్లీ దుకాణానికి వెళ్తారని నా భయం.

కోన్ వచ్చింది కదా అని మిగిలిన రీళ్లన్నిటినీ స్టాండు ఎక్కించకండి. దారం ఏటవాలుగా, ఒకదానిమీదుగా ఒకటి అడ్డంగా చుట్టి ఉంటే అది పైనుంచి ఊడివచ్చేందుకు చుట్టినది, స్టాండుకు తగినది. బాబిన్‌లో లాగా పక్కపక్కనే వరుసగా చుట్టి ఉంటే అది పక్కనుంచి విడవాలి. దాన్ని పైకి లాగితే ప్రతి చుట్టుకూ ఒక పురి అదనంగా పడి ముడులు కడుతుంది. అలాంటివి మిషన్ కడ్డీమీదే తిరగనివ్వండి.

ప్రశ్న: జాకెట్ల మీద మెరుపు దారంతో మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తాను. స్టాండు పెట్టినా ఆ దారం మెలికలు పడి తెగుతోంది. ఏం చేయాలి?
– మరో పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ దారం చదునైన రేకులాంటిదైతే స్టాండు మానేయండి, అది కడ్డీమీద తిరుగుతూ పక్కనుంచే రావాలి. గుండ్రని మెరుపు దారం కోన్‌గా వచ్చినదైతే స్టాండును మిషన్‌కు రెండు మూడు అడుగుల దూరంగా జరపండి. ఆ దూరంలో మెలికలు కొంత విడిపోతాయి. నున్నటి దారం కోన్ మీదనుంచి తనంత తానే కిందకు జారి అడుగున చుట్టుకుంటుంది కాబట్టి, కోన్‌కు వల తొడుగు వేసి, కింద ఒక స్పాంజి బిళ్ల పెట్టండి. సూది 14 నంబరుది, కన్ను పెద్దగా ఉన్నది వాడండి, వేగం తగ్గించండి, పై టెన్షన్ కొద్దిగా వదలండి.