పెద్దది చేసినా చెదరని పటం

ప్రశ్న: సోమశిల నుంచి సముద్రం వరకు పెన్నా నదిని, సంగం, నెల్లూరు బ్యారేజీలను, కాలువలను చూపే పటాన్ని మా పాఠశాల వెబ్‌సైటు కోసం గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీశాను. పెద్దది చేసి చూస్తే పేర్లు అలుక్కుపోతున్నాయి. ఇంక్‌స్కేప్ అనే మరో బొమ్మల సాఫ్ట్‌వేర్‌కు మారాలా?
- ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: మారండి. గింప్ బొమ్మను చుక్కల గళ్ళుగా దాస్తుంది. దానిని పొడవునా వెడల్పునా నాలుగేసి రెట్లు సాగదీస్తే కొత్త వివరమేదీ పుట్టదు కనుక, ఒక్కొక్క చుక్క పదహారు చుక్కల చోటును నింపవలసి వచ్చి అంచులు మసకబారతాయి. ఇంక్‌స్కేప్ మాత్రం కాలువ ఎక్కడ మొదలై ఎటు వంగిందో అంకెలలో రాసుకుంటుంది. 2001లో వెబ్ ప్రమాణమైన ఎస్‌వీజీ అనే ఫైలు రూపంలో దాచిన ఆ గీతను బ్రౌజరు ప్రతి పరిమాణానికీ కొత్తగా గీస్తుంది. అయితే పాత పటాన్ని తెచ్చి ఎస్‌వీజీలో అతికించినంత మాత్రాన అది మారదు, లోపల చుక్కలే ఉంటాయి. దానిని అడుగున పరచి, పైన గీతలు మళ్ళీ గీయాలి.

ఊళ్ళ పేర్లను అక్షరాలుగానే ఉంచితే వెతుక్కోవడానికి వీలుంటుంది, కానీ మీరు వాడిన ఫాంటు చూసేవారి ఫోనులో లేకపోతే రూపం మారిపోతుంది. తెలుగు ఒత్తుల అందం మీకు ముఖ్యమైతే, ఆ పేర్లను గీతలుగా మార్చి దాచండి. ఉదయగిరి కోట ఫోటో వంటివి పక్కన చేర్చదలిస్తే మాత్రం వాటిని చుక్కల రూపంలో ఫోటోలను దాచే జేపెగ్ ఫైళ్ళుగానే ఉంచండి.