బొమ్మకు స్నానం పోసే అత్తగారు

"మాది రాజమండ్రి. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన నైజీరియా యొరుబా తెగ అబ్బాయిని చేసుకుని అక్కడి లాగోస్‌లో ఉంటున్నాను. కవలలు పుట్టారు. ఆరో నెలలో తైవో పోయాడు. కెహిందేకు ఇప్పుడు రెండేళ్లు. అత్తగారు బజారు నుంచి ప్లాస్టిక్ బొమ్మ తెచ్చి, తైవో అని పిలుస్తూ రోజూ స్నానం పోస్తుంది. కెహిందేకు వేసిన రంగు చొక్కానే దానికీ తొడుగుతుంది. మావారు పెంతెకొస్తు సంఘానికి వెళతారు. ఆ బొమ్మను అవతల పారేయమని నామీద విసుక్కుంటారు. ఇంట్లో ఉంటే కెహిందేకు కీడా?"
– ఒక సోదరి, లాగోస్

కీడూ లేదు, పాడూ లేదు. ఆ ప్రశ్న పక్కన పెట్టండమ్మా.

కవలలది ఒకే ప్రాణమని యొరుబాల నమ్మకం. ఒకరు పోతే సోదె చెప్పే పూజారి బబలావోను అడిగి, కొయ్యబొమ్మ చెక్కించి, బతికున్న బిడ్డతో సమానంగా సాకేవారు. అదే ఇబేజీ. కడిగి, ఎర్రచెక్క పొడి పూసి, తినిపించీ తినిపించీ ముఖం అరిగి నున్నబడేది. చర్చీలు, మసీదులు వచ్చాక కొయ్యబొమ్మను విగ్రహమంటారని దుకాణంలో బొమ్మ కొన్న తల్లులున్నారు. ఫొటో స్టూడియోకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. బతికిన బిడ్డనే తీసి పక్కపక్కన రెండుసార్లు అచ్చు వేయిస్తే ఇద్దరూ కూర్చున్నట్టే. ఇదంతా రాజమండ్రి ఆడపడుచుకు నేను చెప్పాలా? పోయిన పిల్లాడు వీరభద్రుడై వచ్చాడని సంబరం చేసే ఇళ్లు మీ గోదావరి పక్కనే ఉన్నాయి.

మీ ఉత్తరంలో తైవోను పేరు పెట్టి పిలిచేది అత్తగారొక్కరే. మీరు "పోయాడు" అని ఒక్క ముక్కతో దాటేశారు. మీ ఆయన నోట ఆ పేరే లేదు. ఏడాదిన్నరైంది. మొగుడూ పెళ్లాం ఒక్కసారైనా కలిసి ఏడ్చారా? ఆయన కోపమంతా బొమ్మ మీదేనంటే నేను నమ్మను. ఆ పేరు చెవిన పడితే తట్టుకోలేక సంఘాన్ని అడ్డం పెట్టుకుంటున్నాడు.

తల్లితో తేల్చుకోవాల్సిన మాటను పెళ్లాం మీదకు తోసే మగాళ్లంటే నాకు గిట్టదు. పెద్దావిడ చేతిలోంచి బొమ్మ లాగే పని మీరు చేయకండి. పారేయాలనుంటే ఆయన్నే వెళ్లి వాళ్లమ్మతో చెప్పమనండి. చెప్పలేడు, చూడండి.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక ఆయన్ను కూర్చోబెట్టి, తైవో ఎలా నవ్వేవాడో అడగండి. కవలల పేరు చెప్పి అత్తగారు పామాయిల్ పోసి బొబ్బర్లు ఉడికిస్తుంటే మీరూ వంటింట్లోకి వెళ్లి గరిటె అందుకోండి. కెహిందేకూ ఒక గిన్నెలో పెట్టండి.