హెచ్-4 మీద ఉన్న అమ్మాయికి కాలేజీ స్కాలర్‌షిప్: ముందు 21వ పుట్టినరోజు చూసుకోండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాం, ఇప్పుడు ఫ్రిస్కోలో. నాది హెచ్-1బీ ఉద్యోగ వీసా. నా భార్య హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంది, ఈఏడీ అనే పని అనుమతితో ఉద్యోగం చేస్తోంది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, ప్రయారిటీ డేట్ (వరుసలో మా స్థానం తేల్చే తేదీ) 2016. అమ్మాయిదీ హెచ్-4, ఐదేళ్ల వయసులో వచ్చింది. ఇప్పుడు పన్నెండో తరగతి, మార్చిలో 18 నిండుతాయి. స్నేహితులతో కూర్చుని ఫాఫ్సా అనే చదువు సాయం దరఖాస్తు నింపబోతే తనకు అర్హత లేదని తెలిసింది. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇక్కడే పుట్టిన మా అబ్బాయికి ఈ బాధ లేదు. ఒక కన్సల్టెంట్ 'ఐ-140 ఉంది కదా, పర్మనెంట్ రెసిడెంట్ అని పెట్టేయండి, స్కాలర్‌షిప్ నేను చూసుకుంటా' అంటున్నాడు. ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఏడాదికి 30,000 డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామంది. అక్కడ చేర్చాలా, యూటీ డాలస్ లాంటి స్టేట్ యూనివర్సిటీకి పంపాలా, లేక ఇండియాకే పంపేయాలా? — ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా చలికాలంలో వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, ప్రయారిటీ డేట్ మారుతుంది, అడిగేది మాత్రం ఒకటే. మీరు కాలేజీ గురించి అడుగుతున్నారు కానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అది కాదు. 'ఊహ తెలియని పిల్లను తెచ్చి ఇక్కడ పెంచాం, ఇప్పుడు అది ఎటూ కాకుండా పోతుందా, ఆ పాపం మాదేనా' అన్నది మీ భయం. మీ పాపం కాదు. అమ్మాయి ఎటూ కాకుండా పోదు. హెచ్-4 మీద కాలేజీలో చేరిన పిల్లలు ఎంతోమంది డిగ్రీ పూర్తి చేస్తున్నారు. మీ అమ్మాయీ చేస్తుంది. దారి కాస్త చుట్టూ తిరిగి వెళ్తుంది, అంతే.

ముందు ఫాఫ్సా సంగతి. అది ఫెడరల్ ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు, అలాంటి మరికొన్ని వర్గాల వాళ్లకే అర్హత. హెచ్-4కు లేదు. అయితే ఆ తలుపు తెరిచి ఉంటే మీ ఇంటికి ఏం వచ్చేదో ఒకసారి లెక్క వేయండి. పెల్ గ్రాంట్ తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు. ఇద్దరూ జీతాలు తెచ్చుకునే ఇంటికి అది దాదాపు రాదు. మిగిలేది విద్యార్థి పేరు మీద ఫెడరల్ అప్పు, మొదటి ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 5,500 డాలర్లు. దాంతోపాటు క్యాంపస్‌లో వర్క్-స్టడీ అనే పార్ట్‌టైం పని. మీ అమ్మాయికి పోయిందల్లా ఇదే. ఈ లెక్క కాగితం మీద వేసి ఆమెకు చూపించండి. 'నాకు ఏ సాయమూ రాదు' అని కుంగిపోయిన పిల్ల ఇది చూస్తే కాస్త తేరుకుంటుంది.

ఇప్పుడు కోప్పడాల్సిన విషయానికి వస్తాను. పదిహేడేళ్ల అమ్మాయికి తన వీసా ఏమిటో ఒక వెబ్‌సైటు చెప్పాలా? 'పిల్లకెందుకు ఈ టెన్షన్' అని దాచి ఉంటారు. చాలా ఇళ్లలో ఇలాగే దాస్తారు. పిల్లను కాపాడుతున్నామన్నది మీ ఉద్దేశం, కానీ ఆమెకు దక్కింది స్నేహితుల ముందు అవమానం. పైగా తమ్ముడికి లేని అడ్డు తనకు ఎందుకుందో చెప్పేవాళ్లు లేక, తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. తొమ్మిదో తరగతిలోనే చెప్పి ఉంటే కోర్సులు, స్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, డ్యుయల్ క్రెడిట్ అన్నీ ఆ లెక్కన వేసుకునేది. జరిగిందేదో జరిగింది. ఈ శని, ఆదివారాల్లోనే ఆమె ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), మీ ఐ-797 అప్రూవల్ నోటీసులు, పాస్‌పోర్టులు బల్ల మీద పరిచి, ఏది ఏమిటో, ఎప్పుడు గడువు ముగుస్తుందో చెప్పండి. అమ్మను కూడా కూర్చోబెట్టుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. కానీ 'అంతా సర్దుకుంటుందిలే తల్లీ' అని మాత్రం లేచిపోకండి.

ఇక ఆ కన్సల్టెంట్. ఆయనతో ఇవాళే మాట్లాడటం ఆపేయండి. ఐ-140 అప్రూవ్ కావడం వేరు, గ్రీన్ కార్డు వేరు. 'పర్మనెంట్ రెసిడెంట్' అని టిక్ పెట్టి డబ్బు తీసుకోవడం మోసం కిందికే వస్తుంది. అదే అలవాటుగా ఎక్కడైనా 'యూఎస్ సిటిజన్' అని పెడితే ఇంకా ఘోరం. పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పి లాభం పొందాలని చూడటం అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో అతి కఠినంగా చూసే తప్పుల్లో ఒకటి. దానికి మాఫీ దాదాపు లేదు. పదేళ్లుగా ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డు ఆ ఒక్క టిక్కుతో ఆమెకు శాశ్వతంగా దూరం కావచ్చు. సంతకం ఆమెది, శిక్షా ఆమెకే. ఆ పెద్దమనిషికి ఏమీ కాదు. కామన్ యాప్ అనే కాలేజీ దరఖాస్తులో ఇతర దేశ పౌరురాలు అని పెట్టి, వీసా దగ్గర హెచ్-4 అని ఎంచుకోవాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయడమే.

మీరు అడిగిన పోలికకు వస్తే, దాన్ని ఫీజుతో మొదలుపెట్టకండి. మీ అమ్మాయికి 21 ఎప్పుడు నిండుతాయి? కాలేజీ మూడో ఏడు మార్చిలో. ఆ రోజుతో హెచ్-4 ముగుస్తుంది. సీఎస్‌పీఏ అనే చట్టం కొందరు పిల్లల వయసును లెక్కలో తగ్గిస్తుంది కానీ, 2025 ఆగస్టు 15 నుంచి ఆ లెక్కను ప్రభుత్వం నెల నెలా ఇచ్చే వీసా బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ తేదీలతోనే, అంటే గ్రీన్ కార్డు నిజంగా ఇచ్చే తేదీలతోనే వేస్తున్నారు. భారత్‌లో పుట్టినవాళ్ల వరుస ఎంత పొడవో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని ఆలోపు గ్రీన్ కార్డు వస్తుందన్న ఆశ మీద ప్లాన్ కట్టకండి. 21 నిండకముందే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి అనుకునే ప్లాన్ వేయండి. దీనికి ముందే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫీజు కట్టి అడగండి. మీ గ్రీన్ కార్డు ఫైలు ఉండగా ఎఫ్-1 అడిగేటప్పుడు చూసుకోవాల్సినవి ఉంటాయి.

ఎఫ్-1 అనగానే తల్లిదండ్రులు శిక్ష పడినట్టు మాట్లాడతారు. హెచ్-4 పిల్లలు క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగం కూడా చేయలేరు, జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ తీసుకోలేరు. ఎఫ్-1లో సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు. డిగ్రీ అయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) ఉంటుంది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు అయితే మరో 24 నెలలు. హెచ్-4లో ఇవేవీ లేవు. ఇంటర్న్‌షిప్ కోసమే 21 రాకముందే ఎఫ్-1కు మారిన పిల్లలు నాకు తెలుసు. భయపడాల్సింది మార్పు గురించి కాదు, ఆ మార్పుతో ఫీజు ఏమవుతుందన్న దాని గురించి.

టెక్సాస్‌లో హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు రాష్ట్ర నివాసులుగా లెక్కకు రావచ్చు. తల్లిదండ్రులు ఏడాదికి పైగా ఇక్కడ స్థిరంగా ఉంటే పిల్లకు ఇన్-స్టేట్ ఫీజు, అంటే రాష్ట్రం వాళ్లకిచ్చే తక్కువ ఫీజు వర్తిస్తుంది. 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఇన్-స్టేట్ ఫీజుకు సంబంధించిన టెక్సాస్ డ్రీమ్ యాక్ట్‌ను ఆపేశాక మీలాంటి వాళ్లలో చాలామంది బెదిరిపోయారు. ఆ తీర్పు చట్టబద్ధమైన హోదా లేని విద్యార్థుల గురించి. మీ అమ్మాయికి చట్టబద్ధమైన హోదా ఉంది. కాకపోతే రిజిస్ట్రార్ ఆఫీసులు ఇప్పుడు కాగితాలు గట్టిగా అడుగుతాయి. ఐ-94, ఐ-797, మీ లీజు లేదా ఇంటి పత్రాలు, పన్ను రిటర్నులు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫాఫ్సా అర్హత లేని టెక్సాస్ నివాసులకు టాస్ఫా అనే రాష్ట్ర దరఖాస్తు ఉంది, అది నింపండి. మీ ఆదాయానికి గ్రాంటు రాకపోవచ్చు, కానీ కొన్ని కాలేజీలు తమ సొంత స్కాలర్‌షిప్‌లకు కూడా అదే చూస్తాయి.

ఎఫ్-1కు మారాక నివాసి హోదా నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఆ కాలేజీనే రాతపూర్వకంగా చెప్పాలి. నోటిమాట పనికిరాదు. ఒకవేళ నిలవదన్నా ఇంకో దారి ఉంది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో, అందరితో పోటీపడి ఏడాదికి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకున్న బయటి విద్యార్థికి ఇన్-స్టేట్ ఫీజు ఇచ్చే వెసులుబాటు రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఎంతమందికి ఇవ్వాలన్న పరిమితి ఉంది కాబట్టి అందరికీ రాదు. అయినా ఆ వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ విలువ వెయ్యి కాదు, కొన్ని వేలు అన్నది గుర్తుంచుకుని డిపార్ట్‌మెంట్ స్కాలర్‌షిప్‌లన్నిటికీ ఏటా అప్లై చేయించండి.

ఇప్పుడు ఆ 30,000 గురించి. ఈమధ్య మన వాళ్లలో ఇదొక మోజు అయిపోయింది. పెద్ద ప్రైవేటు కాలేజీ, పెద్ద స్కాలర్‌షిప్, వాట్సాప్‌లో ఫొటో. నాకు ఈ దారి మీద గట్టి అనుమానాలున్నాయి. అమెరికాలో ప్రైవేటు కాలేజీలు కొత్తగా చేరే విద్యార్థుల ట్యూషన్‌లో సగటున సగానికి పైగా ఇలాగే తగ్గిస్తాయి. ముందు ధర పెంచి తర్వాత కోత పెట్టే పండగ సేల్ లాంటిదే ఇది. మీ అమ్మాయి ప్రతిభను తక్కువ చేయడం లేదు. కానీ ట్యూషన్ 65,000 అనుకుంటే, అందులో 30,000 తగ్గించినా ఇంకా 35,000 మీ జేబులోంచే వెళ్తుంది. హాస్టలు, తిండి వేరే. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ అంతే ఉంటుంది, ట్యూషన్ ఏటా పెరుగుతుంది. జీపీఏ గీత దాటి కిందికి పడితే ఆ అంకె కూడా ఉండదు. కాలేజీ పంపిన ఉత్తరం రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఈ షరతులుంటాయి. మీరు మొదటి పేజీ ఫొటో తీశారు, రెండో పేజీ చదివారా?

ప్రైవేటు కాలేజీ పక్షాన ఒక న్యాయమైన మాట చెప్పాలి. అక్కడ అందరికీ ఒకటే ఫీజు కాబట్టి వీసా మారినా ట్యూషన్ మారదు. ఆ స్కాలర్‌షిప్ ఎఫ్-1లో కూడా కొనసాగుతుందని రాసిస్తే దానికి కొంత విలువ ఉంది. అలాగే హార్వర్డ్, ఎంఐటీ, యేల్, ప్రిన్స్‌టన్, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల విదేశీ విద్యార్థి అని చూడకుండా అడ్మిషన్ ఇచ్చి, ఇంటి అవసరాన్ని బట్టి సాయం చేస్తారు. అయితే అది సీఎస్ఎస్ ప్రొఫైల్ లాంటి ఆర్థిక సాయం దరఖాస్తులో మీ ఆదాయం చూశాకే, సీటు రావడమే గగనం.

మీ ఇంటి పరిస్థితికి నా ఓటు స్టేట్ యూనివర్సిటీకే. యూటీ డాలస్‌లో చేరినప్పటి ట్యూషన్ రేటు నాలుగేళ్లూ పెంచరు. ఫ్రిస్కో నుంచి రిచర్డ్‌సన్‌కు ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. ఏపీ క్రెడిట్లు, కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీలో వేసవి కోర్సులు కలుపుకుంటే మూడేళ్లలో ముగించే వీలుంటుంది. అప్పుడు ఎఫ్-1 ఫీజు భారం పడినా ఒకటి రెండు సెమిస్టర్లే. 'కమ్యూనిటీ కాలేజీనా, బంధువులకేం చెప్పాలి' అనకండి. బంధువులు ఫీజు కట్టరు.

బయటి స్కాలర్‌షిప్‌లలో పేరున్న చాలావాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో కావాలి. గేట్స్ స్కాలర్‌షిప్ అలాంటిదే. వాటి మీద రాత్రులు పాడుచేసుకోకుండా స్కూలు కౌన్సెలర్ దగ్గరుండే స్థానిక జాబితా పట్టుకోండి. రోటరీ, పీటీఏ, ఊళ్లోని ఫౌండేషన్లు 500, 1,000 డాలర్లు ఇస్తుంటాయి, పోటీ కూడా తక్కువ. ఫారంలో 'లీగల్ రెసిడెంట్' అని ఉంటే చాలామంది మూసేస్తారు. కొన్నిచోట్ల ఆ మాటకు గ్రీన్ కార్డు అనే అర్థం, కొన్నిచోట్ల చట్టబద్ధంగా ఈ కౌంటీలో ఉంటే చాలు. 'నేను హెచ్-4 మీద ఇక్కడే చదువుకున్నాను, అప్లై చేయొచ్చా' అని రెండు వాక్యాల ఈమెయిల్ రాస్తే తేలిపోతుంది. ఆ ఈమెయిల్ అమ్మాయే రాయాలి.

వ్యాసం కూడా ఆమెదే. కన్సల్టెంట్లు 'ఇమిగ్రెంట్ కష్టాలు' అని కన్నీళ్లు కలిపి ఇస్తారు, కమిటీలు అలాంటివి గుట్టలుగా చదువుతాయి. ఒక అమ్మాయి తన ఇంట్లో నెల నెలా వీసా బులెటిన్ వచ్చే రోజు గురించి రాసింది. నాన్న ఫోన్ చూసి ఏమీ మాట్లాడకుండా పప్పు వడ్డించుకోవడం, అమ్మ 'ఈసారి కూడానా' అని అడగకుండా ఊరుకోవడం, తను తేదీలను ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి గ్రాఫ్ గీయడం మొదలుపెట్టడం, దాంతో గణాంకాల మీద ఇష్టం పుట్టడం. ఎక్కడా 'కష్టం' అన్న మాట లేదు. నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇండియాకు పంపడం గురించి. ఆమెకు ఇష్టమైతే అది మంచి దారే. కానీ అక్కడి ప్రవేశ పరీక్షల మీద ఆమె ఇంతవరకు దృష్టి పెట్టి ఉండదు, ఎన్ఆర్ఐ ఫీజులు తక్కువేం కాదు. పైగా ఇప్పుడు ఈ మాట ఎత్తితే 'నన్ను పంపించేస్తున్నారు, తమ్ముణ్ని ఉంచుకుంటున్నారు' అని వినబడుతుంది. కాబట్టి ఆ మాట మీ నోటి నుంచి కాదు, ఆమె నోటి నుంచి రావాలి.

అబ్బాయి సంగతి ఒక్క మాట. అతను పౌరుడు కాబట్టి మీరు హెచ్-1బీలో ఉన్నా ఫాఫ్సా నింపొచ్చు. అతని టైం వచ్చినప్పుడు చూద్దాం.

ఈ వారం మూడు పనులు చేయండి. లాయర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. రెండు యూనివర్సిటీలకూ 'హెచ్-4 నుంచి ఎఫ్-1కు మారితే నా ఫీజు, నా స్కాలర్‌షిప్ ఏమవుతాయి' అని అమ్మాయి చేత అడిగించండి. వచ్చిన జవాబులతో మళ్లీ నాకు రాయండి. ఈసారి మీరు కాదు, ఆమెనే రాయమనండి. ఆమెకే జవాబిస్తాను.