లేహ్ నుంచి తిరిగొచ్చాక...

ప్రశ్న: ఒంటరిగా బుల్లెట్ మీద లేహ్ వెళ్లొచ్చాను. పది రోజులైనా ఆఫీసులో మనసు నిలవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నాకూ అంతే అయింది బాబూ. 2016లో మనాలీ దారిన వెళ్లాను. టాండీ బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కి.మీ.' అన్న బోర్డు చూసి క్యాన్లు నింపుకున్నా. అక్కడ పెట్రోలు, తిండి, పడక తప్ప వేరే టెన్షన్ లేదు. ఇంటికొచ్చాక కరెంటు బిల్లు చూసినా చిరాకే!

బండిని సర్వీసింగుకి ఇచ్చేయకండి. ఆదివారం మీరే కడగండి. మడ్‌గార్డు లోపల గట్టిపడిన బూడిదరంగు మట్టిని స్క్రూడ్రైవరుతో గీకుతుంటే నాకు ఆ దారిలోని తంగ్‌లంగ్ లా అనే కొండ కనుమ దగ్గరి చలిగాలి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రమే మా ఆవిడకి దారంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మీరూ ఇంట్లో వాళ్లకి చెప్పండి, ఫొటోలు తర్వాత చూపించొచ్చు.