పండుగప్ప జన, నా కడుపునొప్పి, ఫెమినిజం

"ఫెమినిస్టులు బయాలజీనే ఒప్పుకోరు కదా, మరి ప్రకృతి గురించి వాళ్ళ థియరీ ఏంటి, ఎక్కడ మొదలెట్టి చదవాలి" అని ఒకరు నన్ను అడిగారు. మాది వైజాగ్, నేను జువాలజీ చదివాను, ఈ థియరీ అంతా తర్వాత సొంతంగా చదువుకున్నదే.

ముందు నా సంగతి చెప్తాను. ఇంటర్ నుంచీ నెలనెలా మంచం దిగలేనంత నొప్పి. అమ్మేమో ఆడపుట్టుక పుట్టాక తప్పుద్దా అనేది, చూపించుకున్న డాక్టరమ్మ పెళ్ళయితే అదే సర్దుకుంటుంది అంది, పెళ్ళయింది, సర్దుకోలేదు, అప్పుడు ఒక కాన్పయితే పోద్ది అన్నారు, అదీ అయింది. పదకొండేళ్ళకి ఇంకో డాక్టరు లాప్రోస్కోపీ చేసి ఎండోమెట్రియోసిస్ అని తేల్చారు, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట ఎక్కడెక్కడో పెరుగుతుందన్నమాట. ఇన్నేళ్ళూ ప్రకృతి అన్న ఒక్క మాటతో ఎవరూ టెస్ట్ కూడా రాయలేదు.

అందుకే బయాలజీ ఏం లేదు అంతా సమాజమే అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుద్ది. కానీ ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బువా 1949లో రాసిన సెకండ్ సెక్స్ అనే పుస్తకంలో మొదటి చాప్టరే బయాలజీ మీద! స్త్రీగా ఎవరూ పుట్టరు, తయారవుతారు అన్న ముక్క ఒక్కటే అందరూ పట్టుకుంటారు గానీ, శరీరానికి హద్దులున్నాయని ఆవిడ ఒప్పుకుంటుంది, ఆ హద్దుల్ని బట్టి ఆడదాని బతుకు ఇలాగే ఉండాలని తేల్చేస్తేనే ఒప్పుకోదు. అమెరికా ఫెమినిస్టు షులమిత్ ఫైర్‌స్టోన్ అయితే 1970లో ఇంకా తెగించి, అసమానత మొదలయ్యేదే పిల్లల్ని కనడం దగ్గర, ఆ పని శరీరం బయట జరిగేలా టెక్నాలజీ రావాలి అంది. నాకది అతిగా అనిపిస్తది, లేబర్ రూంలో మాత్రం అనిపించలేదు లెండి.

నాకు బాగా పట్టింది ఆంత్రోపాలజిస్టు ఎమిలీ మార్టిన్ 1991లో రాసిన వ్యాసం, సైన్సు పుస్తకాలు అండం, శుక్రకణాల కథని ఎలా చెప్తాయన్న దాని మీద. శుక్రకణాలు వీరుల్లా పరిగెత్తుకొస్తాయి, అండం పెళ్ళికూతుర్లా కూర్చుని ఎదురుచూస్తుంది అన్నట్టే కదా మనకి పాఠం చెప్పింది. తీరా చూస్తే శుక్రకణం ముందుకి తోసే బలం చాలా తక్కువ, తల ఎక్కువ పక్కలకే ఊగుతుంది, అండం పైపొరే దాన్ని పట్టుకుంటుంది. ఇంకో తమాషా, అండం కూడా పని చేస్తుందని తెలిసాక దాన్ని వల పన్నే సాలీడులా వర్ణించారట! అంటే ఆడదంటే అయితే అమాయకురాలు లేకపోతే మాయలాడి.

ప్రకృతిలో ఆడ మగ గీత గీసినట్టు ఉంటుంది అనేవాళ్ళని మా హార్బర్‌కి పంపాలి. అమ్మకి చేప జన, అంటే చేప కడుపులో గుడ్లు, వేపుడంటే ప్రాణం, పండుగప్ప కొనేటప్పుడు జన ఉందా అనడిగితే గంప ముందు కత్తిపీటేసుకుని కూర్చున్న ఆమె "సిన్నదాన్లో జన ఎక్కడుంటాదమ్మా, పెద్దది తీసుకో" అనేది, అమ్ముకోడానికి చెప్తోంది అనుకునేదాన్ని. తీరా చదివితే పండుగప్పలు ముందు మగవి, కొన్నేళ్ళు పెరిగాక చాలామటుకు ఆడవైపోతాయి! మన బీచ్‌లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకైతే ఇసక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుద్ది, వేడెక్కువైతే ఆడవి. దీంతో మనుషులూ ఇంతే అని మాత్రం అనకండి, అదీ పాత తప్పే తిరగేసి చేసినట్టు.

స్త్రీ ప్రకృతికి దగ్గర అనే ఎకోఫెమినిజం వైపు, వందనా శివ లాంటివాళ్ళ వాదన, నాకు అంతగా ఎక్కలేదు. ఎకనామిస్టు బీనా అగర్వాల్ 1992లో దానికి ఇచ్చిన జవాబు నచ్చింది, ఎవరు ఏ పని చేస్తారు, భూమి ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టే ప్రకృతితో సంబంధం అంటుంది. ఆ గంపామెనే చూడండి, అప్పు తెచ్చి తెల్లారగట్ల వేలంపాటలో చేప కొంటుంది కాబట్టి సరుకు తగ్గితే ముందు ఆమెకే తెలుస్తుంది, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపేసినప్పుడు ఎండుచేపలతో ఇల్లు లాగేదీ ఆమే, ఇందులో గర్భసంచి పాత్ర ఏముంది?

చదవడం అంటారా, బువా మొదటి చాప్టర్, తర్వాత మార్టిన్ వ్యాసం, అది చిన్నదే. ఫెమినిజం బయాలజీని మరీ దూరం పెట్టిందని లోపలి నుంచే దెబ్బలాడిన ఎలిజబెత్ విల్సన్ 2015 పుస్తకం గట్ ఫెమినిజం ఆ తర్వాత. జెండర్ మీద కష్టమైన పుస్తకాలు రాసిన అమెరికా ఫిలాసఫర్ జుడిత్ బట్లర్ జోలికి అప్పుడే పోకండి, నేను మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ నలభయ్యో పేజీలో ఆపీసాను.